కొటేషన్ సార్ ఖాళీ వదిలిన గీత

కొటేషన్ సార్ పోయారని కోరుట్ల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను జగిత్యాలలో మా షెడ్డులో కూర్చుని ఒక కొటేషనే రాస్తున్నాను. ఫోన్ చేసింది ఆయన అద్దెకుండే గది కింద వెల్డింగ్ దుకాణం నడిపే తమ్ముడు. "అక్కా, సారు పొద్దుగాల లేవలే. తలుపు నెట్టి చూస్తే అయిపోయి ఉన్నది," అన్నాడు. నా ఎదురుగా కొడిమ్యాల నుంచి వచ్చిన రైతు ఒకాయన టీ తాగుతున్నాడు. పసుపు ఉడకబెట్టే డ్రమ్ము చేయించుకుందామని వచ్చాడు. నేను ఫోన్ పక్కన పెట్టి, ఆయన కాగితం పూర్తిచేసి, చదివి వినిపించి, చేతికిచ్చి, అప్పుడు లేచాను. చావు కబురు విని కూడా కాగితం రాస్తూ కూర్చుందా ఈ మనిషి అని మీరు అనుకోవచ్చు. అనుకోండి. బల్ల ముందు మనిషిని కూర్చోబెట్టి మధ్యలో లేవకూడదని నాకు నేర్పింది ఆ పోయినాయనే.

కోరుట్ల చేరేసరికి మధ్యాహ్నమైంది. మేడిపల్లి నుంచి వచ్చిన ఆయన చెల్లెలి కొడుకు, చర్చి వాళ్లు నలుగురైదుగురు, కింది దుకాణం తమ్ముడు, అంతే. చుట్టుపక్కల ఎన్ని ఊళ్లలో, ఎంతమంది రైతులకు, ఎన్ని మిల్లులకు మిషన్లు రాసిచ్చాడో ఆ మనిషి. పట్టుమని పదిమంది లేరు. శవపెట్టె చేసే వడ్రంగి వచ్చాడు. వచ్చినవాడు సార్ దగ్గరికి పోలేదు. టేపు తీసి ముందు గది దర్వాజ కొలిచాడు. తర్వాత మెట్ల మలుపు కొలిచాడు. ఆ తర్వాతే లోపలికొచ్చి సార్‌ను కొలిచాడు. అప్పటిదాకా కళ్లు తడవని దాన్ని, అది చూసి ఏడ్చాను. ముందు దర్వాజ కొలవమని, బతికినన్నాళ్లూ సార్ మాకు చెప్పింది ఆ ఒక్క మాటే.

ఆయనెవరో మీకు చెప్పాలి. మా షెడ్డులో తయారుగా ఉన్న సరుకు ఏదీ దొరకదు. వచ్చినవాళ్లు అడిగిన కొలతకు, అడిగిన పనికి చేసిస్తాం. పసుపు ఉడికించే డ్రమ్ములు, కొమ్ములకు మెరుగు పెట్టే డ్రమ్ములు, ట్రాక్టర్ ట్రాలీలు, హోటళ్ల పొయ్యిలు, సిరిసిల్ల సాంచెలకు కావలసిన సామాన్లు. పవర్‌లూములను మావైపు సాంచెలంటారు. ఇలాంటి చోట ఒకడు వచ్చి నాకు ఫలానాది కావాలి అంటే, అది ఎంత పెద్దగా ఉండాలి, ఏ రేకు వాడాలి, ఎన్ని రోజులు పడుతుంది, ఎంతవుతుంది అని రాసివ్వడం చిన్న పని కాదు. వేరే షెడ్లవాళ్లు మూడు రోజులు తిప్పించుకునేవారు. మా సార్ మాత్రం వచ్చినాయనకు టీ చెప్పి, ఆ టీ వచ్చి, చల్లారి, అయిపోయేలోపల కాగితం చేతిలో పెట్టేవారు. అందుకే ఆయనకు ఆ పేరు. ఆయన అసలు పేరు చాలామందికి తెలియదు.

ఆ వేగమంతా ఒక రస్కుల డబ్బాలో ఉండేది. కొత్త షర్టుల ప్యాకెట్లలో వచ్చే గట్టి అట్టను కత్తిరించి కార్డులు చేసుకున్నారు. చేసిన ప్రతి మిషన్‌కూ ఒక కార్డు. ఎవరికి చేసినా మారని సంగతులు సిరాతో, మనిషిని బట్టి మారేవి పెన్సిల్‌తో రాసేవారు. కొత్తవాళ్లు వస్తే దానికి దగ్గరి కార్డు తీసి, సిరా జోలికి పోకుండా పెన్సిల్ సంగతులే అడిగేవారు. నాలుగు ప్రశ్నలకు మించేవి కావు. వాటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే. "మీ దర్వాజ ఎంత?"

ప్రతి కార్డు అడుగున ఒక గీత ఉండేది. దాని పక్కన "కండ్లతో చూసినవారు" అని ఉండేది. మిషన్ పెట్టబోయే చోటికి పోయి చూసి వచ్చిన మనిషి ఆ గీత మీద తన చేత్తో తాను పేరు రాయాలి. ఫిట్టర్‌కు చదువు రాకపోతే వేలిముద్ర వేయించేవారు గానీ అతని పేరు సార్ రాసేవారు కాదు. "నేను చూస్తే నేను రాస్త. నువ్వు చూస్తే నువ్వు రాయాలె. ఒకల కండ్లకు ఇంకొకల చెయ్యి పనికిరాదు," అనేవారు. ఇదేం చాదస్తం అనుకునేవాళ్లం.

నేను షెడ్డులో చేరిన రోజు డిగ్రీ సర్టిఫికెట్, కంప్యూటర్ కోర్సు కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, ఉన్న వాటిలో మంచి చుడీదార్ వేసుకుని పోయాను. సార్ ఆ కవర్ విప్పలేదు. టేపు నా చేతిలో పెట్టి, "ముందుగాల మన షెడ్డు దర్వాజ కొల్చు బిడ్డా," అన్నారు. కొలిచి తొమ్మిది అడుగులని చెప్పాను. "రెక్కలు తెర్సి కొల్చినవా, మూసి కొల్చినవా?" అని అడిగారు. నాకు అర్థం కాలేదు. రెక్క తెరిస్తే దాని మందం లోపలికి వస్తుందట, రెండు పక్కలా కలిపి నాలుగు అంగుళాలు పోతుందట. "మిషిన్ మూసిన దర్వాజలకెళ్లి పోతదా మరి?" అన్నారు. ఫిట్టర్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే పని నేర్చుకున్నాను.

మేడిపల్లి నుంచి ఒక పసుపు రైతు వచ్చిన రోజు బాగా గుర్తుంది. పక్క చేనాయన పెద్ద డ్రమ్ము కొన్నాడని ఈయనకు అంతకంటే పెద్దది కావాలి. సార్ అడగాల్సినవి అడిగారు. ఎన్ని ఎకరాలు, నింపడానికి ఎంతమంది ఉంటారు, చేనికి పోయే తొవ్వలో కల్వర్టు ఉందా, ఉంటే దాని వెడల్పు ఎంత. కల్వర్టు ఇరుకని విన్నాక చిన్న డ్రమ్ము కార్డు తీశారు. రైతుకు కోపమొచ్చింది. "నేనేమన్న లేనోన్ననుకున్నవా సారూ?" అన్నాడు. "ఉన్నోనివే. గని మీ కల్వర్టు లేనిది," అన్నారు సార్. రైతు లేచి పోయాడు. మా ఓనర్ ఆ రోజంతా సార్ మీద చిటపటలాడారు. పది రోజులకు ఆ రైతే మళ్లీ వచ్చి చిన్నది చేయించుకున్నాడు. నిజామాబాద్‌లో ఎవరో పెద్దది చేసిస్తామన్నారట గానీ, కల్వర్టు సంగతి అడిగిన మనిషి ఒక్కడూ లేడట.

ఆయన రాసే ప్రతి కొటేషన్‌లో "ఇందులో లేనివి" అని ఒక భాగం ఉండేది. పునాది మీదే, కరెంటు వైరు మీదే, దించుకోవడానికి మనుషులు మీరే చూసుకోవాలి అని ఒక్కొక్కటే తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసేవారు. "ధర చెప్పుడు ఎవలికైనా అస్తది బిడ్డా. గిది మాతోని కాదు అని ముందుగాల చెప్పుడే కష్టం," అనేవారు.

కంప్యూటర్‌ను ఆయన శత్రువులా చూడలేదు. నేను ఆయన కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే పక్కన కుర్చీ వేసుకుని వారం రోజులు చదివి చెప్పారు. "నీ డబ్బ గూడ నా డబ్బ లెక్కనే ఉన్నది. జెర కరెంటు తాగుతది, గంతే," అన్నారు. తర్వాత నేను ఆరు నిమిషాల్లో కాగితం తీసేదాన్ని. ఓనర్ ముచ్చటపడి వచ్చినవాళ్లకల్లా చూపించేవారు. సార్ కూడా మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఒకటే అన్నారు. "జల్ది రాయాల్నంటే ముందుగాల పోయి చూడాలె. చూడనోడు జల్ది రాస్తే జల్ది మునుగుతడు." నాకు అప్పటికి ఆ మెప్పు కాస్త తలకెక్కి ఉంది. విన్నట్టే తలూపాను.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు మూతపడ్డాయి. బొగ్గు లేక కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉండేది. సార్ డబ్బా మళ్లీ బల్ల మీదికొచ్చింది. కోరుట్ల రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు మాకు ఆర్డర్ ఇవ్వాల్సిన మిల్లు ఆయన అక్కడే కూర్చున్నాడని తెలిసి, సార్ డబ్బా చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని అక్కడికే పోయారు. రోడ్డు మధ్యన రాళ్ల పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది. ఒక బండ మీద కూర్చుని, డబ్బా మోకాళ్ల మీద పెట్టుకుని కొటేషన్ రాశారు. ఎవరో ఆయనను గుర్తుపట్టి మైకు చేతిలో పెట్టి, రెండు మాటలు చెప్పమన్నారు. సార్ మైకు అందుకుని, "నాకు మాట్లాడరాదు. పప్పుల ఉప్పు తక్కువైంది," అని చెప్పి తిరిగిచ్చేశారు. అంతమందీ నవ్వారు. తిరిగి వస్తుంటే నాతో అన్నారు, "రాష్ట్రం అస్తది బిడ్డా. గని ఇందులో లేనివి ఏందో గూడ ఇప్పుడే రాసుకుంటే మంచిగుండు."

ఇక నేను చెప్పాల్సింది చెప్పాలి. మొన్నమొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఓనర్‌కు కూడా ఇది చదివితేనే తెలుస్తుంది. చదవనివ్వండి.

ఆ సమ్మె రోజుల్లోనే సిరిసిల్లలో ఒక ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. నేతపనివాళ్ల కాలనీలో ఎనిమిది సాంచెలు నడుపుకునే ఇల్లు. వాళ్ల వార్పింగ్ డ్రమ్ము పాతదైపోయింది. సాంచెకు ఎక్కించే బీము అనే రోలరుకు చుట్టేముందు దారం పోగులను వరసగా చుట్టి పెట్టుకునే పెద్ద డ్రమ్ము అది. అది ఆగితే సాంచెలన్నీ ఆగుతాయి. కొత్తది కావాలి, త్వరగా కావాలి అన్నారు. మాది తంగళ్ళపల్లి. మానేరు వంతెన దాటితే సిరిసిల్ల. సార్ నాతో, "శనివారం ఇంటికి పోతున్నవ్ గద, పోయి చూసిరా బిడ్డా," అన్నారు.

ఎవరిదో వ్యాన్‌లో లిఫ్ట్ దొరికి ఇంటికి పోయాను. ఆదివారం పొద్దున ఊళ్లో ర్యాలీ. స్నేహితురాళ్లతో తిరిగాను. మధ్యాహ్నం అవ్వ వండిన కూర తిని పడుకున్నాను. సాయంత్రం పోదామనుకున్నాను. పోలేదు. దూరం మహా అయితే రెండు కిలోమీటర్లు. ఎండ లేదు, వాన లేదు, ఒంట్లో బాగాలేకపోవడం లేదు. బద్ధకం, దానికి తోడు పొగరు. సాంచెల ఇంట్లో పుట్టినదాన్ని, నాకు ఒకరు చూపించాలా అనుకున్నాను. పైగా మా మేనమామ ఇల్లు అదే కాలనీలో, అదే గల్లీలో ఉంది. ఆ ఇళ్లన్నీ ఒకే అచ్చున కట్టినవి. మామ ఇంటి కొలతలు నా దగ్గర అంగుళంతో సహా ఉన్నాయి. అవే తీసి రాశాను.

సోమవారం గంటసేపు కరెంటు వచ్చింది. ఆ గంటలోనే కాగితం తీసి సార్ ముందు పెట్టాను. "చూసచ్చినవా బిడ్డా?" అని అడిగారు. "చూసిన సార్," అన్నాను. ఆయన ఇంకో మాట అడగలేదు. సంతకం చేశారు. ఆ తర్వాత కార్డు నా వైపు జరిపి, "గీత మీద నీ చెయ్యి పడనియ్యి," అన్నారు. కరెంటు పోతుంది సార్, ఇంకో కాపీ ప్రింటు తీసి రాస్తా అని లేచాను. రేపు, ఎల్లుండి అంటూ దాటేశాను. నోటితో అంత సులువుగా వచ్చిన అబద్ధం చేత్తో రాలేదు.

మూడు వారాలకు డ్రమ్ము తయారై పోయింది. దాన్ని దించిన రోజు సాయంత్రమే ఫోన్. ఒకే అచ్చున కట్టిన ఇళ్లు నిజమే. కానీ గల్లీకి అటు వరస, ఇటు వరస ఎదురెదురుగా ఉన్నాయి. అద్దంలో చూసినట్టు మా మామ ఇంట్లో కుడిపక్క ఉన్నది ఎదుటి వరసలో ఎడమపక్క ఉంటుంది. ఆ గల్లీలో ఆడుకుని పెరిగినదాన్ని, నాకు ఆ మాత్రం తట్టలేదు. మోటారు, దాని బెల్టు, మనిషి నిలబడి పోగులు చూసుకోవాల్సిన చోటు, అన్నీ పోయి గోడకు ఆనుకున్నాయి. కొలతల్లో అంగుళం తేడా లేదు. కుడిచెయ్యి ఎడమచెయ్యి అయింది, అంతే. చోటు కోసం వాళ్లు పాత డ్రమ్మును అప్పటికే పాత ఇనుము వాళ్లకు వేసేశారు. అసలే సమ్మె, కరెంటు లేదు, పని లేదు. ఉన్న కాస్త పనీ మేము ఆపేశాం.

ఓనర్ అందరినీ నిలబెట్టారు. "ఎవలు చూసచ్చిండ్రు గా ఇంటిని?" అని అడిగారు. నేను నోరు తెరిచాను. తెరిచాననే గుర్తు. మాట మాత్రం రాలేదు. మా బాపు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై సాంచెల పని మానేశాడు, ఇల్లు నా జీతం మీద నడుస్తోంది, ఈ ఉద్యోగం పోతే ఎట్లా అని లెక్క వేసుకున్నాను. ఇవన్నీ నిజాలే. నిజాలైనంత మాత్రాన నేను చేసింది ఒప్పు కాదు. అప్పుడు సార్ అన్నారు, "కాగితం మీద సంతకం నాదే గద." ఆయన అబద్ధం ఆడలేదు చూడండి. చూసింది తానేనని అనలేదు. సంతకం తనదన్నారు. ఓనర్‌కు అది చాలింది. "వయసైంది సారూ నీకు. ఇగ రాసుడు బంద్ వెట్టు. పిల్ల రాస్తది," అన్నారు.

సార్ మర్నాడే ఫిట్టర్‌తో కలిసి సామాన్ల ఆటోలో సిరిసిల్ల పోయారు. అక్కడే ఉండి, కోసి, అతికించి, మోటారును ఈ పక్కనుంచి ఆ పక్కకు మార్పించారు. పదకొండు రోజులు ఆ ఇంట్లో సాంచెలు ఆగాయి. పన్నెండో రోజు తిరిగొచ్చారు. జుట్టులో, కనుబొమ్మల మీద దూది నూగు ఉంది. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని అనుకుంటాను. ఏమో మరి. టేపు నా బల్ల మీద పెట్టి, రస్కుల డబ్బా చంకన పెట్టుకుని, "కార్డులు నేను తీస్కపోత బిడ్డా. నీకు కంప్యూటర్ల ఉన్నయ్ గద. చూసుడు మాత్రం బంద్ వెట్టకు," అన్నారు. అంతే, వెళ్లిపోయారు.

కోరుట్లలో ఆ పైగదిలోనే ఆయన మిగతా బతుకంతా గడిచింది. భార్య చిన్న వయసులోనే పోయింది, పిల్లల్లేరు. కింది దుకాణానికి గేట్లు, గ్రిల్లులు రాసిచ్చేవారు. ఆదివారం చర్చికి పోయేవారు, వరసలో ఒక చివరన కూర్చునేవారు. రాష్ట్రం వచ్చింది. నాకు పెళ్లయింది, జీతం పెరిగింది, ఇప్పుడు జగిత్యాలలో నన్నే కొటేషన్ మేడం అంటారు. ఆ పిలుపు విన్న ప్రతిసారీ లోపల ఏదో ముల్లులా కదులుతుంది. అది నాది కాని పేరు.

ఏటా క్రిస్మస్‌కు కేకు తీసుకుని ఆయన దగ్గరికి పోయేదాన్ని. ఈసారి చెప్పేద్దామని బస్సెక్కేదాన్ని. గదిలో రెండు గ్లాసులుండేవి. ఒకటి ఆయనది. రెండోది ఎప్పుడు చూసినా కడిగి, బోర్లించి ఉండేది. దాన్ని తిప్పి నాకు టీ పోసేవారు. "పోయి చూస్తున్నవా బిడ్డా?" అని అడిగేవారు. "చూస్తున్న సార్," అనేదాన్ని. అది నిజమే. ఆ రోజు తర్వాత నేను చూడకుండా ఒక్క కాగితం రాయలేదు. కొడిమ్యాల రైతు చేనుకు కూడా ముందు రోజే పోయి వచ్చాను. ఆ జవాబు విన్నాక సార్ ఇంకేదో ఎదురుచూస్తున్నట్టు నా వైపే చూసేవారు. నేను గ్లాసులోకి చూసేదాన్ని. ఆ తర్వాత ఆయనే వానల సంగతో, పసుపు రేటు సంగతో ఎత్తుకునేవారు. పోయిన క్రిస్మస్‌కు మెట్ల దాకా సాగనంపడానికి వచ్చి, రెయిలింగ్ పట్టుకుని, "ఎవలన్న అచ్చి ఏమన్న అడిగితే మంచిగుండు అనిపిస్తది బిడ్డా. ధర అడిగినా సరే," అన్నారు. మళ్లీ నెలకు వస్తాను సార్ అన్నాను. రాలేదు.

మట్టి వేసి వచ్చాక దుకాణం తమ్ముడు రస్కుల డబ్బా తెచ్చి నాకిచ్చాడు. "నీకే ఇయ్యమన్నడక్కా, ఎప్పుడో చెప్పి పెట్టిండు," అన్నాడు. ఇంటికి తెచ్చి వంటింట్లో కింద కూర్చుని విప్పాను. పాత కార్డులు చాలా వరకు చివికిపోయి, కొత్త అట్టల మీద మళ్లీ రాసి ఉన్నాయి. పనిలేని ఆ ఏళ్లలో కూర్చుని డబ్బా మొత్తం తిరగరాశారన్నమాట. చివరి గీత దగ్గర మాత్రం తన చెయ్యి పెట్టలేదు. పాత కార్డు నుంచి ఆ గీత ముక్కను కత్తెరతో కత్తిరించి కొత్త కార్డు మీద అతికించారు. ఎవరు చూశారో వాళ్ల అక్షరమే ఉండాలి కదా. ఫిట్టర్ వేలిముద్రలు కూడా అలాగే కత్తిరించి అతికించి ఉన్నాయి.

సిరిసిల్ల డ్రమ్ము కార్డు డబ్బా అడుగున దొరికింది. అది కూడా తిరగరాసిందే. వెనక సెల్‌ఫోన్ పెట్టె బొమ్మ ఉంది, అంటే మొన్నమొన్నటి అట్ట. మోటారు ఎడమవైపు అని సిరాతో సరిదిద్ది ఉంది. అడుగున "కండ్లతో చూసినవారు" అని రాసి, పక్కన స్కేలు పెట్టి కొత్తగా గీత గీశారు. దాని మీద అతికించడానికి ఏమీ లేదు. ఖాళీగా వదిలేశారు.

మరుసటి ఆదివారం సిరిసిల్ల పోయాను. ఆ ఇంటికి అదే మొదటిసారి. పదమూడేళ్లుగా మా మామ ఇంటికి పోయినప్పుడల్లా ఆ వరస వైపు తల తిప్పకుండా నడిచినదాన్ని. తలుపు తీసే ఉంది. నాకంటే పదేళ్లు పెద్దావిడ డ్రమ్ము దగ్గర నిలబడి పోగులు చూసుకుంటోంది. గడప దగ్గర నిలబడ్డాను. కుడిచేతి పక్క గోడ. దర్వాజ దగ్గర నుంచే కనిపిస్తోంది. లోపలికి కూడా పోనక్కర్లేదు.

నిలబడే చెప్పేశాను. "జగిత్యాల షెడ్డుల పనిచేస్త అక్కా. గీ డ్రమ్ము కాగితం రాసింది నేను. మీ ఇల్లు చూడకుంటనే రాసిన. సారుది తప్పు లేదు."

ఆవిడ చెయ్యి ఆపలేదు. "గది మాకు గప్పుడే ఎరుక," అంది.

"సారు చెప్పిండా?"

"సారెందుకు చెప్తడు? అచ్చి నువ్వు నిలవడ్డకాడనే నిలవడి గోడ దిక్కు చూసుకుంట ఉండిపోయిండు. ముందుగాల చూసిన మనిషైతే గట్ల చూస్తడా? ఎవలు కొల్చిండ్రు సారూ అని మా ఆయన లొల్లి వెట్టుకుండు. 'మా బిడ్డ' అన్నడు సారు. ఇగ బిడ్డ అన్నంక మేమేమంటం? ఊకున్నం." అప్పుడు నా వైపు తిరిగి, "నువ్వే గద గా బిడ్డవు? మీ బాపు మంచిగున్నడా?" అని అడిగింది.

ఆయన నా బాపు కాడని చెప్పబుద్ధి కాలేదు. "పోయిండక్కా. పోయిన వారమే," అన్నాను.

ఆవిడ స్విచ్చు దగ్గరికి పోయి డ్రమ్ము ఆపింది. అది మెల్లగా ఆగింది. దగ్గరికి పోయి చూశాను. మోటారు ఎడమపక్కన ఉంది. దాని కింద ఇనుప కాలుకు అతుకు గీత, నూనెతో, దుమ్ముతో నల్లబడి ఉంది. టేపు తీసి దర్వాజ కొలిచాను, రెక్కలు తెరిచి. గోడకు, డ్రమ్ముకు మధ్య చోటు కొలిచాను. ఆ తర్వాత సంచిలోంచి కార్డు తీసి, డ్రమ్ము చట్రం మీద పెట్టుకుని, గీత మీద నా పేరు రాశాను. పక్కన ఆ రోజు తేదీ వేశాను. రాసింది చూపించడానికి సార్ లేరు.

"అయిపోయిందా బిడ్డా, నడుపుదునా?" అని ఆవిడ అడిగింది. నడుపమన్నాను. డ్రమ్ము తిరగడం మొదలైంది. దాని మీద నూగు లేస్తుంటే, సిరా ఆరేదాకా కార్డును చేతిలో పట్టుకుని దర్వాజ దగ్గర నిలబడ్డాను.